సరస్సుకు పంపిన పసుపు

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనివ్వండి. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలన్న మర్యాద కొద్దీ దాదాపు ఏడాది నోరు కట్టుకుని కూర్చున్నాను. ఇక నావల్ల కాదు. నాన్న సంవత్సరీకం దగ్గర పడుతుండగా టార్నీట్ నుంచి తమ్ముడు శ్రీధర్ ఫోన్ చేశాడు. "అక్కా, నాన్న కొండలకి వేసుకెళ్ళే బ్యాగ్ నీ గరాజ్‌లోనే ఉంది కదా? తీసి ఉంచు. ఈసారి ఫ్యామిలీ అంతా చార్లెట్ పాస్ వెళ్దాం. ఆ బ్యాగ్ నేనే వేసుకుని బ్లూ లేక్ దాకా నడుస్తాను. నాన్నకి బెస్ట్ ట్రిబ్యూట్ అదే" అన్నాడు. కాన్‌బెర్రాలో, గంగాలిన్ పేటలో మా ఇంటి గరాజ్‌లో పాత గుడారం కింద దొరికింది ఆ సంచి. ఖాకీరంగు గుడ్డ, తోలు పట్టీలు, ఇంకా నాన్న వాసనే వేస్తోంది. బూట్లకు రాసే మైనం, చెమట, పిప్పరమెంటు కలిసిన వాసన. దులుపుదామని జేబులన్నీ తిరగేశాను. అడుగు జేబులోంచి గుప్పెడు కాగితం పొట్లాలు రాలాయి. కొన్ని తెలుగు వారపత్రిక ముక్కలు, కొన్ని క్యాలెండరు కాగితాలు, ఒకటి శ్రీధర్ లెక్కల పుస్తకంలోది. విప్పితే పసుపు, కుంకుమ. చెమ్మ తగిలి గడ్డకట్టి, తుప్పురంగుకి తిరిగిపోయాయి. అవి ఎవరు కట్టారో, ఎవరికని కట్టారో నాకు తెలుసు. అవి ఆ జేబులో ఉండకూడదు. ఒక్కొక్కటీ ఏ ఏడుకి ఆ ఏడు ఆ సరస్సు ఒడ్డున అందిపోయి ఉండాలి. గరాజ్ నేల మీద అలాగే కూలబడ్డాను. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

మా చిన్నతనంలో కాన్‌బెర్రాలో తెలుగువాళ్ళ ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. నాన్న ప్రభుత్వ ఉద్యోగి. బెల్కానన్‌లో మాది ఇటుకల ఇల్లు, వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటావిడ బట్టలారేసే తీగ కనబడేది. తాలింపు వేసేటప్పుడు అమ్మ ఆ కిటికీ మూసేసేది, వాళ్ళ దుప్పట్లకి ఇంగువ వాసన పడుతుందని. ఏడాదికోసారి, జనవరి సెలవుల్లో, కొండలకు వెళ్ళేవాళ్ళం. ముందురోజు సాయంత్రం నుంచే ఇల్లు రెండుగా చీలిపోయేది. హాల్లో నాన్న రాజ్యం. భోజనాల బల్ల మీద మ్యాపు పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి, ఎర్ర పెన్సిలుతో దారి గీసేవారు. ప్రతి ఏడూ అదే దారి. అయినా కొలంబస్‌లాగా ముఖం పెట్టి మళ్ళీ గీసేవారు. తరవాత పాత పేపరు పరుచుకుని బూట్లకు మైనం రుద్దుతూ, ఆ సరస్సు మంచుగడ్డ తవ్వి చేసిన గిన్నె అనీ, లోతు ఎవరికీ తెలియదనీ మాకు పాఠం చెప్పేవారు. వంటింట్లో అమ్మ చింతపండు పులుసు ఉడికిస్తూ, బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, చెవి మాత్రం హాలు వైపు పెట్టేది. "అక్కడ ఎండాకాలంలో కూడా మంచు ఉంటుందా అండీ?" అని అడిగేది. "ఉంటుంది ఉంటుంది, నువ్వు పులిహోరలో పల్లీలు ఎక్కువ వెయ్యి" అనేవారు నాన్న. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి పులిహోర కలిపి, పెరుగన్నం కలిపి, చపాతీలు కాల్చి, పలచటి గుడ్డల్లో చుట్టి, స్టీలు డబ్బాలు సర్ది, చివరికి తన జడ తాను కార్లో వేసుకునేది.

మాతోబాటు నాన్న స్నేహితుడు సుబ్బారావు అంకుల్, ఆయన భార్య కామేశ్వరి ఆంటీ మరో కార్లో వచ్చేవారు. కూమా దాటాక చెట్లు పలచబడేవి. జిండబైన్ దగ్గర నీళ్ళు చూసి అమ్మ కిటికీ అద్దం దించి దణ్ణం పెట్టుకునేది. అమ్మది నరసాపురం. గోదావరి దాటుతుంటే రైలు కిటికీలోంచి పైసా విసరకుండా ఉండలేని మనిషి. కారు ఇంకా ఇంకా పైకెక్కి, పాము కుబుసంలా బెరడు ఊడే తెల్లటి చెట్ల మధ్య రోడ్డు ఆగిపోయేది. అదే చార్లెట్ పాస్. అక్కడినుంచి కిందికి దిగితే స్నోయీ నది, నదిలో రాళ్ళ మీద అడుగులేస్తూ దాటితే ఎదుటి కొండ, ఆ కొండ భుజం వెనక సరస్సు. దారి పొడవునా తెల్లటి చేమంతిలాంటి పూలు విరగబూసిన పచ్చిక. కారు ఆగిన చోటునుంచి కొండ కనబడుతుంది, మంచు మరకలు కనబడతాయి, సరస్సు మాత్రం కనబడదు. దాన్ని చూడాలంటే నడవాల్సిందే. నాన్న బూట్ల తాళ్ళు బిగించుకుని లేచి అనేవారు: "ఆడవాళ్ళు ఇక్కడే కూర్చోండి. మేం వచ్చేస్తాం. చెప్పులతో ఆ కొండ ఎక్కలేరు." ఆ మాట న్యాయంగానే వినబడేది. చెప్పులతో ఆ కొండ నిజంగానే ఎక్కలేరు. అమ్మకి బూట్లు ఎవరు కొనాలి అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. నాన్న రెండుమూడేళ్ళకోసారి కొత్త జత కొనుక్కునేవారు.

నాకు మాత్రం బూట్లుండేవి. పదేళ్ళప్పుడు కొన్నారు, గోధుమరంగువి, చీలమండల పైదాకా వచ్చేవి. అవి వేసుకుని నాన్న వెంట రెండేళ్ళు ఆ సరస్సు దాకా నడిచాను. మొదటిసారి బయల్దేరుతుంటే అమ్మ నా కోటు జేబులో చిన్న పొట్లం పెట్టింది. "అమ్మడూ, ఇందులో పసుపు, కుంకుమ ఉన్నాయి. అక్కడ ఒడ్డున రాయి ఏదైనా ఉంటే దానికి రాయి. నీళ్ళు తాకి కళ్ళకద్దుకో. ఆ సరస్సులో నీళ్ళే ఈ నదిలోకి వస్తాయట, నాన్న చెప్పారు. నది పుట్టినచోటుకి వచ్చి వట్టిచేతులతో పోతామా?" అంది. నేను అలాగే చేశాను. నీళ్ళు చల్లగా కాదు, చురుక్కుమని తగిలాయి. ఎదుటి బండ మీద మంచు ఇంకా కరగలేదు, దాని నీడ నీళ్ళలో నల్లగా ఉంది. ఒడ్డున చదునుగా ఉన్న రాయికి పసుపు రాసి బొట్టు పెట్టాను. తిరిగొచ్చాక అమ్మ చెంబుతో నా చేతుల మీద నీళ్ళు పోసింది. నా వేళ్ళ సందుల్లో పసుపు చూసి నవ్వింది. తరవాత అడిగినవన్నీ చెప్పించుకుంది. నీళ్ళు ఏ రంగు? లోపల చేపలున్నాయా? చుట్టూ గట్టుందా? పక్షులేమైనా ఉన్నాయా? వారం రోజులు ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. రెండో ఏడు తను అడక్కుండానే నేను అన్నీ చూసుకుని వచ్చాను, అమ్మకి చెప్పాలి కదా అని.

మూడో ఏడు వచ్చేసరికి నేను పెద్దమనిషినయ్యాను. పరాయి దేశంలో చుట్టాలు లేకపోయినా కామేశ్వరి ఆంటీ చిమ్మిలి చేసి పెట్టింది, అమ్మ పట్టులంగా కుట్టించింది, ఆ ముచ్చట బాగానే ఉంది. జనవరిలో కొండలకు వెళ్ళేటప్పుడు మాత్రం నా బూట్లు కనబడలేదు. చూస్తే శ్రీధర్ కాళ్ళకున్నాయి. ముందు రెండు జతల మేజోళ్ళు కుక్కుకుని వేసుకున్నాడు వెధవ. "వాడికి సరిపోయాయి. నీకు ఇంక ఆ నడకలెందుకమ్మా, అమ్మకి తోడుండు" అన్నారు నాన్న, ఎంతో మృదువుగా. ఆ మృదుత్వమే నాకు ఈనాటికీ కోపం తెప్పిస్తుంది. కేకలేసి ఉంటే ఎదురు తిరిగేదాన్నేమో. అమ్మ నా వైపు చూసింది. పొట్లం నాన్న చేతికి ఇచ్చింది. "మీరు ఇవ్వండి. మర్చిపోకండి" అంది. "అలాగే" అని ఆయన ఆ ఖాకీ సంచి జేబులో వేసుకున్నారు. ఆ ఏటి నుంచి ఆయన మోకాళ్ళు అరిగేదాకా ప్రతి ఏడూ అదే తంతు.

సరస్సు వర్ణన ఎంతమందైనా రాస్తారు. కారు దగ్గర కూర్చున్నవాళ్ళ సంగతి నేను రాస్తాను. అక్కడ గాలి సూదుల్లా గుచ్చుతుంది. చీర మీద నాన్న పాత కోటు, తలకి మఫ్లర్, కాళ్ళకి మేజోళ్ళ మీద చెప్పులు. అక్కడి ఈగలు కరిచే రకం, చీర మీంచి కూడా కుడతాయి. చిన్న గ్యాసు పొయ్యి వెలిగిస్తే గాలికి మంట నిలవదు. చెరోవైపు దుప్పటి పట్టుకుని గోడలా నిలబడితే, అరగంటకి టీ నీళ్ళు కాగేవి. కామేశ్వరి ఆంటీ స్వెట్టరు అల్లేది. అమ్మకి వట్టినే కూర్చోవడం చేతకాదు. రోడ్డువారన రాళ్ళ సందుల్లో మొలిచిన ఎర్రకాడల పుల్లటి ఆకు ఒకటి కనిపెట్టింది. నోట్లో వేసుకుని, "ఇది అచ్చం మన చుక్కకూరేనే!" అని చిన్నపిల్లలా అరిచింది. కొంగు నిండా కోసుకుని, మర్నాడు పప్పులో వేసింది. నాన్న లొట్టలేసుకుంటూ తిని, ఎక్కడ దొరికిందని కూడా అడగలేదు. ఆ ఆకు ఈ దేశానిది కాదట, బయటినుంచి వచ్చిపడిన కలుపు మొక్కట. ఈ మధ్యనే తెలిసింది. అంత ఎత్తున, అంత చలిలో, రోడ్డు పక్కన మాత్రమే బతికే కలుపు మొక్క. పచ్చికలోకి వెళ్ళినవాళ్ళకి పూలు దొరికాయి, మా అమ్మకి అది దొరికింది.

ఆకలి సంగతి చెప్పలేదు. డబ్బాలన్నీ మా దగ్గరే ఉండేవి. పులిహోర వాసన కారంతా కమ్ముకుని ఉండేది. అయినా మగవాళ్ళు దిగి వచ్చేదాకా ఎవరం ముట్టకూడదు. అలా అని ఎవరూ శాసనం చెయ్యలేదు. "వాళ్ళు నడిచి నడిచి వస్తారు, మనం ముందే తినేసి ఎంగిలి డబ్బాలు పెడతామా" అనేది అమ్మ. మధ్యాహ్నం వాలేవేళకి ఎదురుగా దారి మీద వాళ్ళ టోపీలు కనబడేవి. వాళ్ళు దార్లో చాక్లెట్లు, బిస్కెట్లు తిని వచ్చేవారని నాకు తెలుసు, నేనూ తిన్నాను కదా ఆ రెండేళ్ళు. రాగానే అమ్మ చెంబు పట్టుకుని లేచేది. ఒక్కొక్కరికీ చేతుల మీద నీళ్ళు పోసేది. నాన్నకి పోసేటప్పుడు నిదానంగా, ధార సన్నగా పోస్తూ, "ఇచ్చారా?" అని అడిగేది. "ఆఁ ఆఁ, ఇచ్చాను" అనేవారు ఆయన, అప్పుడే బూటు తాడు ఏదో వదులైనట్టు కిందికి వంగి. తరవాత వాళ్ళకి వడ్డన. మేం తినేసరికి పులిహోర చల్లగా గట్టిపడి, పల్లీలన్నీ ఎవరో ఏరుకుని తినేసి ఉండేవి.

నాన్న పోయిన పదిహేను రోజులకి కమ్యూనిటీ హాల్లో సంతాపసభ పెట్టారు. సుబ్బారావు అంకుల్ తన పాత ఫొటోలన్నీ తెర మీద వేయించి, "మా వెంకట్రావు కొండల మనిషి. ఈ దేశంలో మన తెలుగువాళ్ళకి ప్రకృతిని చూపించిన మొట్టమొదటి మనిషి" అని గద్గదంగా మాట్లాడారు. సరస్సు ఒడ్డున నాన్న, పచ్చికలో నాన్న, పాస్ దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా చూస్తున్న నాన్న. అన్ని ఫొటోల్లోనూ అమ్మ కోసం వెతికాను. ఒకదాంట్లో చెయ్యి కనబడింది. గాజులున్న చెయ్యి, గరిటెతో పులిహోర వడ్డిస్తోంది. మిగతా మనిషి ఫొటో అంచు బయట ఉండిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న అమ్మ కూడా కొట్టింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని ఊరికే అన్నారా? ఆవిడ తెల్లవారుజాములు, ఆవిడ ఆకలి, ఆవిడ చలి పెట్టుబడి పెడితే, కొండల మనిషి ఆయనయ్యారు.

అందుకే ఆ పొట్లాలు దొరికిన రోజు నుంచి నా ప్రాణం ఒకచోట నిలవలేదు. ఆ సరస్సు దగ్గర ఏమీ వెయ్యకూడదు, రూల్సు ఒప్పుకోవు, నాకూ తెలుసు. ఆ ముక్క నాన్న అమ్మతో చెప్పొచ్చు కదా? లేదూ, అక్కడికి వచ్చే పరాయివాళ్ళ ముందు రాయికి బొట్టు పెట్టడం నామోషీ అయితే, అదైనా చెప్పొచ్చు కదా? ఇచ్చానని ఏటేటా అబద్ధం ఎందుకు? ఆవిడకి ఆ కొండల్లో ఉన్నదల్లా ఆ ఒక్క పొట్లం. ఇప్పుడు నేను చెబితే ఆ ఒక్కటీ లేకుండా పోతుంది. చెప్పకపోతే ఆ అబద్ధంలో నేనూ భాగస్తురాలినవుతాను. పొట్లాలు హ్యాండుబ్యాగులో పెట్టుకుని తిరిగాను, తేల్చుకోలేక.

ఈ జనవరిలో అందరం వెళ్ళాం. శ్రీధర్, మా మరదలు మాధవి, వాళ్ళ ఇద్దరు పిల్లలు, నేను, అమ్మ. అమ్మకి ఎనభై నాలుగు. చేతికర్రతో నాలుగడుగులు వేసి ఆయాసపడుతుంది. రోడ్డు బాగుపడింది, కార్లు అరమైలు దాకా బారులు తీరాయి. దార్లో జిండబైన్‌లో షాపు నిండా ఆడవాళ్ళ బూట్లే, ఊదారంగు, గులాబీరంగు. మాధవి ఒక జత కొనుక్కుంది, సంతోషం. పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు అన్నట్టు, అమ్మ ఆ అద్దాల బయట కర్ర మీద చేతులాన్చి నిలబడి చూసింది. పులిహోర నేను చేస్తానంటే వినకుండా తనే కలిపింది. పొద్దున్నే పొట్లం కూడా కట్టింది. నాన్న పోయాక అమ్మ బొట్టు గురించి సలహాలిచ్చినవాళ్ళు ఉన్నారు గానీ, పొట్లం కట్టే చేతిని మాత్రం ఎవరూ చూడలేదు.

పాస్ దగ్గర కారు ఆపి శ్రీధర్ నాన్న సంచి భుజాన వేసుకున్నాడు. మడత కుర్చీ వేసి అమ్మని కూర్చోబెట్టాడు.

"అమ్మా, నువ్వు ఇక్కడే కూర్చో. రిలాక్స్ అవ్వు. మేం మూడింటికల్లా వచ్చేస్తాం. అక్కా, నువ్వు అమ్మకి తోడుంటావు కదా?"

అదే మాట. వరస కూడా మారలేదు. "ఉంటానురా. నాకు అలవాటేగా" అన్నాను. వాడికి అర్థం కాలేదు.

అమ్మ పొట్లం వాడి చేతిలో పెట్టింది. "గంగమ్మకి ఇవ్వు నాయనా."

"ఓకే ఓకే" అని వాడు దాన్ని సంచి అడుగు జేబులో పడేశాడు. నా కళ్ళముందే, అదే జేబులో. వాళ్ళు నది వైపు దిగిపోయాక ఇంక ఆగలేకపోయాను. హ్యాండుబ్యాగు తెరిచి గుప్పెడు పాత పొట్లాలూ అమ్మ ఒళ్ళో పోశాను.

"నాన్న ఎప్పుడూ ఇవ్వలేదమ్మా. ఒక్కటీ ఇవ్వలేదు. అన్నీ జేబులోనే ఉన్నాయి. ఏటేటా నీకు అబద్ధం చెప్పారు."

అమ్మ ఒక పొట్లం విప్పి, వేలితో గీకి, వాసన చూసింది. "పాతబడిపోయింది" అంది.

"అమ్మా, నేను చెప్పేది వింటున్నావా?"

"వింటున్నానే. నాకు తెలీదనుకున్నావా? పసుపు ముట్టుకున్న చెయ్యి ఒక్కపూటలో తెల్లబడుతుందా? చేతుల మీద నీళ్ళు పోసేదాన్ని నేనే కదా. నీ వేళ్ళకుండేది. ఆయన వేళ్ళకి ఎప్పుడూ లేదు."

"మొదటి ఏడే తెలుసా?"

"మొదటి ఏడే."

"మరి మళ్ళీ మళ్ళీ ఎందుకిచ్చావు?"

అమ్మ ఎదుటి కొండకేసి చూసింది. "ఇచ్చారా అని అడిగితే ఆయన నా మొహం చూడలేకపోయేవారు. వంగి బూట్లు సవరించుకునేవారు, చూశావు కదా. సంవత్సరం పొడుగునా ఇంట్లో ఆయన మాటే మాట. ఆ ఒక్క నిమిషం మాత్రం నా ముందు తల దించుకునేవారు. ఆ నిమిషం కోసం ఇచ్చేదాన్ని" అంది. ఇన్నేళ్ళూ కోపం నా ఒక్కదానిదే అనుకున్నాను. నాది నిన్నమొన్నటి కోపం. ఆవిడది నా కోపం కంటే ముందే పుట్టి, పులిహోరతో పాటు ప్రతి ఏడూ డబ్బాల్లో సర్దుకుని ఈ కొండ ఎక్కిన కోపం.

కాసేపటికి పొట్లాలన్నీ ఏరి రొంటిన దోపుకుంది. "ఆకలేస్తోందే. డబ్బా ఇలా తే" అంది.

"శ్రీధర్ వాళ్ళు..."

"తే అన్నానా."

ఎండలో, గాలిలో, ఆ తెల్లచెట్ల కింద, మేమిద్దరం ముందు తిన్నాం. పులిహోర ఇంకా వెచ్చగా ఉంది. అమ్మ పల్లీలన్నీ ఏరుకుని నింపాదిగా నమిలింది. ఆ డబ్బాలో పల్లీలు అన్ని ఉంటాయని నాకు యాభై దాటాక తెలిసింది.

మధ్యాహ్నం వాలాక వాళ్ళు వచ్చారు. మొహాలు ఎర్రగా కందిపోయి, ఫోన్లలో ఫొటోలు చూపిస్తూ వచ్చారు. అమ్మ కుర్చీలోంచి లేవలేదు. నీళ్ళ సీసా మాత్రం చేతిలోకి తీసుకుని మూత తిప్పింది. శ్రీధర్ అలవాటుగా దోసిలి పట్టాడు. నేను వాడి వేళ్ళకేసే చూస్తున్నాను.

"ఇచ్చావా నాయనా?"

"అబ్బే, లేదమ్మా. అక్కడ అలాంటివి వెయ్యకూడదు, నేషనల్ పార్క్ కదా. అయినా ఈ రోజుల్లో ఎందుకమ్మా ఇవన్నీ?" అని, సూటిగా అమ్మ మొహంలోకి చూస్తూ నవ్వి, జేబులోంచి పొట్లం తీసి ఆవిడ ఒళ్ళో పెట్టేశాడు.

అమ్మ నీళ్ళ సీసా మూత మళ్ళీ బిగించింది. నాకు మాత్రమే వినబడేటట్టు, "మీ నాన్న నయం" అంది.

వాడు డబ్బా మూత తీశాడు. సగం పైగా ఖాళీ. ఒక్క పల్లీ లేదు. దెబ్బ తిన్నవాడిలా మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"అదేంటమ్మా? మాకోసం ఆగలేదా?"

"ఆగలేదు" అంది అమ్మ.